మేనమామ ఇంటి నువ్వుల ముద్ద

ఈశ్వరికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఈ మధ్యాహ్నం ధర్మవరంలో, పదిమంది ఆడవాళ్ళ నడుమ, తాను నువ్వుల ముద్ద చేసి నోటి దగ్గరికి తీసుకుపోతే మొగుడి మేనకోడలు సాహితి మారుమాట్లాడకుండా నోరు తెరుస్తుంది. ఆ తెరవడమే ఈశ్వరికి భయం. ఉమ్మేస్తే బాగుండు. మొహం పక్కకు తిప్పుకుని ఈమె చేతిది నాకొద్దు అంటే ఇంకా బాగుండు, అప్పుడు ఎందుకే అని ఎవరో ఒకరు అడుగుతారు, అడిగితే బయటపడుతుంది, బయటపడితే కనీసం ఊపిరైనా ఆడుతుంది. కానీ ఆ పిల్ల అట్లా చేయదు. పన్నెండేళ్ళ పిల్ల. పీట మీద కూర్చోమంటే కూర్చుంటుంది, నోరు తెరవమంటే తెరుస్తుంది, పైవరసలో ఒక పన్ను కొంచెం వంకర, నమిలి మింగి అత్త మొహంలోకి చూస్తుంది. ఏమీ అనదు. ఇన్నాళ్ళూ ఎట్లా అనలేదో అట్లాగే.

పెనుకొండలో పొద్దున ఎనిమిది దాటింది. శ్రావణమాసపు మబ్బు కొండ మీద కూర్చుని ఉంది, కురవనూ కురవదు, పోనూ పోదు. వంటింట్లో ఇనుప బాండ్లి కింద మంట సన్నగా పెట్టి ఈశ్వరి నల్ల నువ్వులు వేయిస్తోంది. నిన్న మూడు నీళ్ళు పోసి కడిగి, వెడల్పు గిన్నెలో గాలించి, అడుగున ఇసక మిగిలిందేమోనని వేలితో తడిమి తడిమి చూసి, మిద్దె మీద పాత పంచె పరిచి ఆరబోసిన నువ్వులు. వేయించేటప్పుడు చెయ్యి ఆపకూడదు. తెల్ల నువ్వులైతే రంగు మారి చెప్తాయి. నల్లవి ఏమీ చెప్పవు. వేగాయో మాడాయో వాసనను బట్టి, చిటపటను బట్టి తెలుసుకోవాలి, అందుకే ముక్కూ చెవీ బాండ్లి మీదే పెట్టుకుని ఉండాలి, ఆమె ముక్కూ చెవీ మాత్రం అక్కడ లేవు, ధర్మవరంలో ఉన్నాయి, మగ్గాల వీధిలో, గడప లోపల.

"ఏమ్మే, మాడబెడతాండావా?" పెరట్లోంచి అత్త తిమ్మక్క కేక.

"లేదత్తా."

"నీ లేదు నాకు తెలుసులే. బిన్నా కానీ. తొమ్మిదిన్నర బస్సు పోతే ఇంగ అంతే సంగతి. ఆడ పిల్లను పీట మీద కూర్చోబెట్టుకోని మనకోసరం చూస్తాంటారు."

తిమ్మక్కకు ఇద్దరు బిడ్డలు. పెద్దది కళావతిని ధర్మవరంలో మగ్గం నేసే రఘునాథ్‌కు ఇచ్చారు, చిన్నవాడు జయచంద్ర, ఈశ్వరి మొగుడు, కార్ల ఫ్యాక్టరీకి పనివాళ్ళను తోలే బస్సు నడుపుతాడు. కళావతి కూతురే సాహితి. ఆ పిల్ల పెద్దమనిషైతే మేనమామ ఇంటినుంచి నువ్వుల ముద్ద పోవాలి, అది మేనమామ పెళ్ళాం తన చేత్తోనే చేయాలి, మిక్సీకి వేయకుండా రోట్లో దంచాలి, దంచేటప్పుడు రుచి చూడకూడదు, చూస్తే ఎంగిలి, ఎంగిలిది పిల్లకు పెడితే దోషం. మొదటి ముద్ద కూడా ఆమే తినిపించాలి. జయచంద్రకు ఒక తమ్ముడైనా ఉండి, వాడికొక పెళ్ళాం ఉండి ఉంటే, ఆమె చేసేది, తాను వెనక వరసలో చంటికొడుకు భరత్‌ను ఎత్తుకుని నిలబడేది. లేడు. ఈ చెయ్యే చేయాలి. ఆ ముద్దను ఆ పిల్ల నోటిదాకా ఈ చెయ్యే మోసుకుపోవాలి.

ఒక గింజ ఎగిరి మణికట్టు మీద పడి చురుక్కుమంది. పడనీ. హిందూపురంలో, ఈశ్వరి పుట్టింటి దిక్కు, దీన్ని చిగిలి అంటారు. సగం తెలుగు సగం కన్నడం మాట్లాడే వీధి, ఇంటింటి ముందూ చింతపండు కుప్ప, అమ్మ చేతిలో గింజ కొట్టే సుత్తి, వీధంతా పులుపు వాసన. ఆ పులుపు వాసనలోకి మడకశిర నుంచి మేనమామ పెళ్ళాం ఇత్తడి డబ్బా నిండా చిగిలి తీసుకుని వచ్చింది. అప్పుడు ఈశ్వరికి పదమూడేళ్ళు, తొమ్మిదో తరగతి. ఏడ్చిందా? లేదు. అదే ఇప్పుడు గుర్తొస్తే మొహం వేడెక్కుతుంది. ఏడవలేదు, కొత్త పావడా వేసుకుని పీట మీద కూర్చుంది, నోట్లో పెట్టిన ముద్ద కరిగిపోయేలోపల ఇంకోటి పెట్టమంది, అందరూ నవ్వారు, "చూడండమ్మా, ఇది బలే పిల్ల, ఇంగా కావాలంటాది" అని నాయన హనుమప్ప కూడా వాకిట్లోంచే నవ్వాడు. అంతమంది తనవైపు చూడటం అదే మొదటిసారి. బడి గురించి ఎవరూ ఏమీ అనలేదు. మొదట పదకొండు రోజులు అన్నారు, తర్వాత పరీక్షల నాటికి పోదువులే అన్నారు, తర్వాత ఆ మాటే లేదు. పుస్తకాల సంచి గోడ మేకుకు తగిలించి ఉండేది. ఒకరోజు చూస్తే అందులో ఎర్రగడ్డలు ఉన్నాయి. పుస్తకాలు ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో తెలియదు. ఆమె అడగలేదు కూడా. కూరకు రెండు ఎర్రగడ్డలు కావలసి వస్తే ఆ సంచిలో చెయ్యి పెట్టి తీసుకునేది, మరుసటి రోజు మళ్ళీ రెండు, అట్లా నాలుగేళ్ళు, పెళ్ళయ్యేదాకా.

పోయిందేమిటో భరత్ పుట్టాక తెలిసింది. మూడో నెలలో బిడ్డకు జ్వరం, చేతిలో మందు సీసా, సీసా మీద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. మందుల షాపతను చెప్పినప్పుడు తల ఊపింది, ఇంటికొచ్చేసరికి ఆ చెప్పింది అర మూతో ముప్పావు మూతో గుర్తులేదు, మళ్ళీ పోయి అడగడానికి సిగ్గు, మొగుడికి ఫోన్ చేసి అడగడానికి ఇంకా సిగ్గు. అర మూతే పోసి, ఎక్కువైందేమో, తక్కువైందేమో, పక్కలో కూర్చుని బిడ్డ పొట్ట లేస్తోందా పడుతోందా అని చూస్తూ ఉండిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మే నెల సెలవులకు వచ్చిన సాహితికి మాత్రం చెప్పింది. ఆ పిల్ల సీసా తిప్పి చదివి, చంటివాడిని తూకం వేయించారా అని అడిగి, చెప్పాక వేళ్ళ మీద ఏదో లెక్క వేసి, గోళ్ళ రంగు సీసా తెచ్చి మూత మీద సన్నగా ఎర్ర గీత గీసింది. "ఈడిదాకా పొయ్యి అత్తా. ఇంగ భయం లేదు." ఎంత సులభంగా అంది. నీకింత తెలియదా అనే చూపు ఆ కళ్ళలో లేదు. ఈ ఇంట్లో ఆ చూపు లేని కళ్ళు అవొక్కటే.

నువ్వులు చిటపటలాడటం తగ్గింది. దించి పళ్ళెంలో పోసింది, పొగ వంటింటి కిటికీలోంచి పోవడానికి దారి వెతుక్కుంటోంది. నేలకు జానెడెత్తున కట్టిన చీర ఉయ్యాలలో భరత్ ఒకసారి దగ్గాడు. ఈశ్వరి చెయ్యి గాలిలోనే ఆగింది. ఇంకో దగ్గు వస్తుందేమోనని చూసింది. రాలేదు. వాడు దగ్గితే చాలు వెంటనే నుదురు తడిమి చూస్తుంది, ఎందుకంటే ఒట్టు వాడి మీద పెట్టింది.

ఆ పొద్దు కూడా ఇట్లాగే, ఇదే వంటింట్లో. సాహితి నీళ్ళ డ్రమ్ము వెనక నిలబడి రమ్మని చేత్తో సైగ చేసింది. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. విషయం విని ఈశ్వరి మొదట నవ్వింది, భయపడాకు అంది, తన పెట్టెలో ఉన్న ప్యాడ్లు తీసి ఇచ్చి ఎట్లా పెట్టుకోవాలో చెప్పింది. నిజం చెప్పాలంటే ఆ పది నిమిషాలు ఈశ్వరి చాలా గొప్పగా ఉంది. ఒకరు వచ్చి తనను ఒక సంగతి అడగడం, అది తనకు తెలిసి ఉండటం. తర్వాత పిల్ల ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మకు చెప్పాకత్తా. అవ్వకు చెప్పాకు. ఎవురికీ చెప్పాకు."

"ఎట్ల చెప్పకుండా ఉండేదే? ఇది దాచే పనా?"

"కొన్ని దినాలే. మగ్గం కాడ నాయన పక్కన కూర్చోని చీర అంచు నాడె అందిచ్చేదానికి మనిషి లేరు. ఎప్పుడు సందు దొరుకుతాదా అని చూస్తాండాడు. బడి తెరిచి, ఎనిమిదిలో కూర్చుంటే, నాగమణి మేడం ఉండాది, ఆమె నన్ను వదల్దు. అంతదాకా అత్తా. ఒట్టు పెట్టు."

ఉత్త చేతిలో చెయ్యి వేస్తే పిల్ల నమ్మలేదు. అప్పుడు ఈశ్వరి తానుగా, ఎవరూ అడగకుండా, చంకలోని భరత్ తల మీద చెయ్యి పెట్టింది. వీడి మీద ఒట్టు, నా నోట రాదు. పిల్ల ఊపిరి వదిలింది. తర్వాత ఇద్దరూ కలిసి మామిడికాయ ముక్కలు ఉప్పు కారం అద్దుకుని తిన్నారు, వంటింటి గడప మీద కూర్చుని, ఒకరి భుజం ఒకరికి తగులుతూ.

ఒకటి రెండు నెలలు నోట రాలేదు. బడి తెరిచారు. సాహితి ఎనిమిదో తరగతిలో కూర్చుంది. అంతా గట్టెక్కినట్టే ఉంది. ఆ తర్వాత ఆషాఢంలో ఒక సాయంత్రం, ఆ సాయంత్రం లేకపోతే ఎంత బాగుండేది, నాలుకను గట్టిగా పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుని ఉంటే ఎంత బాగుండేది.

రోలు పక్కన గోనెపట్టా వేసుకుని కూర్చుంది. ముందు ఎండుకొబ్బరి, ఆనక నువ్వులు, ఆనక బెల్లం. రోకలి ఎత్తి దించుతుంటే మొదట పొడి పొడిగా గరగరమంటుంది, తర్వాత మెల్లగా గొంతు మారుతుంది, నువ్వుల్లోంచి నూనె ఊరి ముద్ద రోకలికి అంటుకుని లేస్తుంది. ఆ సాయంత్రం కూడా గరగరమనే చప్పుడే. వాకిట్లో విత్తనం శెనక్కాయలు వలుస్తున్నారు, కనగానపల్లి దగ్గరి చేనికి పంపాలి, వాన పడింది. తిమ్మక్క, పక్కింటి కుళ్ళాయమ్మ, ఈశ్వరి. ఈశ్వరి వలిచిన గింజల్లో నాలుగు పప్పులు విరిగాయి. విత్తనానికి విరిగిన పప్పు పనికిరాదు.

"చూసినావా కుళ్ళాయమ్మా, మా కోడలి పనితనం," అంది తిమ్మక్క. "గింజ వలిచేదానికి గూడా చేతకాదు. బిడ్డ చూస్తే పుల్ల మాదిరి ఉండాడు. ఏమన్నా అడిగితే గుడ్లు మిటకరిస్తాది."

"చిన్నపిల్ల కదక్కా, నేర్చుకుంటాదిలే."

"ఏం చిన్నపిల్ల? నా మనవరాలు సాహితిని చూడు. అది పసిపిల్ల, ఇంగా ఏమీ తెలీని పసిపిల్ల. దానికుండే తెలివిలో కాలుభాగం దీనికి ఉంటే నేను కాలు మీద కాలేసుకోని కూర్చుందును."

పసిపిల్ల అన్న మాట దగ్గరే. తెలివి అన్నందుకు కాదు. తెలివి ఉందని ఈశ్వరికీ తెలుసు. తిమ్మక్కకు తెలియని సంగతి ఒకటి తన దగ్గర ఉంది, అది గొంతులో తీయగా ఊరుతోంది, మింగితే పోయేది. "పసిపిల్లేం కాదులే అత్తా," అంది. గింజల వైపు చూస్తూనే అంది, ఏదో మామూలు మాట చెప్పినట్టు. "ఆమె పెద్దదై ఎన్ని దినాలైందో."

వలిచే చేతులు ఆగిపోయాయి. కుళ్ళాయమ్మ నోరు తెరిచింది. తిమ్మక్క మొట్టమొదటిసారి కోడలి మొహంలోకి సూటిగా చూసింది, తర్వాత ఏం చెప్తుందా అని చూసింది, ఈశ్వరి చెప్పబోయే మాట కోసం ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు ఎదురుచూశారు. ఎంతసేపు? రెండు గుక్కల నీళ్ళు తాగేంత సేపు. ఆ రెండు గుక్కల కోసమే చేసింది. భయంతో చెప్పి ఉంటే, పిల్ల మంచి కోసమని చెప్పి ఉంటే, లోపల ఇంత కాలేది కాదు. పొగరు కోసం చెప్పింది. అడుక్కునేవాళ్ళకుండే పొగరు. "నీకెట్ల తెలుసే?" అని తిమ్మక్క అడిగాక ఇంకో మాట వచ్చింది, అది మొదటిదానికంటే చెడ్డది. "ఆమె సంచిలో ప్యాడ్లు చూస్తి," అంది. "సెలవులకు వచ్చినప్పుడు. అనుమానంగా ఉండె. ఆమె నాకేం చెప్పలేదు."

మరుసటి రోజుకల్లా కళావతి పిల్లను తీసుకుని వచ్చింది. రఘునాథ్ కూడా మగ్గం ఆపి వచ్చాడు. నడవలో నిలబెట్టారు. ఇంతకాలం ఆ రోజుల్లో కూడా దేవుడి గదిలోకి పోయింది, మగ్గం మీద నూలు ముట్టుకుంది, అందుకే జూన్ నెలలో పడుగు తెగిందని, అందుకే ధర్మవరం ఇంట్లో తాత జారిపడ్డాడని, ఒక్కొక్కటే తీసి పిల్ల మీద వేశారు. ఈశ్వరి తలుపు వెనక భరత్‌ను ఎత్తుకుని నిలబడి ఉంది. కళావతి కూతురి భుజం పట్టుకుని ఊపింది. "నీకు ఇంత ధైర్యం ఎవురిచ్చినారే? ఎవురికైనా తెలుసునా ఈ సంగతి? చెప్పు. ఎవురికి తెలుసు?"

"ఎవురికీ తెలీదమ్మా," అంది సాహితి.

తలుపు వైపు చూడను కూడా చూడలేదు. చూస్తే ఎవరైనా ఆ చూపు వెంబడి వచ్చి పట్టుకుంటారని ఆ పిల్లకు తెలుసు. పన్నెండేళ్ళ పిల్లకు అంత తెలుసు. తలుపు వెనక మనిషికి ఇరవై రెండేళ్ళు, ఒక బిడ్డకు తల్లి, ఒక్క అడుగు ముందుకు వేసి నాకు తెలుసు వదినా, మొదటి దినమే తెలుసు, నేనే ఒట్టు పెట్టిన అంటే సగం బరువు దిగేది. అడుగు పడలేదు. బిడ్డ ఏడుస్తాడని వాడి నోటికి రొమ్ము అందించింది. వాడు ఏడవడం లేదు అప్పుడు.

రఘునాథ్ కేకలు వేసే మనిషి కాదు. మెల్లగానే అన్నాడు. "పెద్దమనిషి అయినందుకు నేనేం అనను. అందురూ అవుతారు. దాచింది చూడు, అదీ. ఇన్ని దినాలు కన్నతల్లి దగ్గరే గుట్టు దాచిన పిల్లను ఇంగ బడికి పంపితే, రేపు ఏం దాస్తాదో. నా కండ్ల ముందర మగ్గం కాడ కూర్చోనీ." అయిపోయింది. అందరూ తల ఊపారు. ఆ తల ఊపడంలో ఈశ్వరి తల కూడా ఉంది, అలవాటు కొద్దీ ఊగింది, తర్వాత తెలిసింది ఊగిందని. ఆషాఢం పోనిచ్చి, ఇప్పుడే అయినట్టు, శ్రావణంలో పీట మీద కూర్చోబెడతామన్నారు. బడినుంచి నాగమణి మేడం రెండుసార్లు ఫోన్ చేస్తే కామెర్లు వచ్చాయి, పథ్యానికి వేరే ఊళ్ళో పెట్టామని కళావతి చెప్పింది. సాహితి ధర్మవరం ఇంట్లోనే, నాయన ఎడమ పక్కన, పొద్దుటి నుంచి సాయంత్రందాకా దారం చుట్టిన నాడె అందిస్తూ ఉంది.

బెల్లం వేసింది. హిందూపురం నుంచి నాయన పంపిన నల్ల బెల్లం, కూతురు మొదటిసారి మేనమామ ఇంటి మర్యాద చేస్తోందని ముచ్చటపడి పంపాడు. దంచుతుంటే ముద్ద నల్లగా, తడిగా, నిగనిగలాడుతూ రోట్లో చుట్టూ తిరుగుతోంది. వాసనకు నోట్లో నీళ్ళు ఊరాయి, ఊరినందుకు సిగ్గేసింది. తీపి సరిపోయిందో లేదో, పంటి కింద ఇసక ఉందో లేదో, రుచి చూస్తే కదా తెలిసేది. చూడకూడదు. ఇసక ఉన్నా ఆ పిల్ల చెప్పదు. నమిలి మింగుతుంది. ముద్దను పళ్ళెంలోకి తీసి, యాలకుల పొడి తేవడానికి అలమర దాకా పోయి వచ్చేలోపల భరత్ ఉయ్యాలలోంచి జారి పాక్కుంటూ వచ్చేశాడు. ఐదు వేళ్ళూ పళ్ళెంలో. నోరు, గడ్డం, ముక్కు కొనదాకా నలుపు. చప్పరిస్తూ తల్లిని చూసి నవ్వాడు, ఆ తడి చేతినే మళ్ళీ ముద్దలో ముంచాడు.

"భరత్!"

"ఏమైందే?" పెరట్లోంచి తిమ్మక్క.

"ఏం లేదత్తా. పిల్లోడు లేచినాడు."

ఎంత సులువుగా వచ్చింది. చెయ్యి అప్పటికే కొంగుతో వాడి మూతి తుడిచేసింది, ముద్దలో వాడి వేళ్ళు దిగిన ఐదు గుంటలను అరచేత్తో అదిమి సర్దేసింది, యాలకుల పొడి పైన చల్లేసింది. ఎంగిలైంది. మళ్ళీ చేయాలంటే నువ్వులు లేవు, బస్సుకు సమయం లేదు. చెప్తే తిమ్మక్క ఇల్లు లేపుతుంది. కాబట్టి దాచింది, రెప్పపాటులో, ఎవరూ ఒట్టు పెట్టించకుండానే. దాచడం ఇంత తేలిక. ఇంట్లో అందరూ రోజూ ఏదో ఒకటి ఇట్లా అరచేత్తో అదిమేస్తూనే ఉంటారు, కళావతి కామెర్లను దాచింది, రఘునాథ్ మగ్గం పక్క మనిషి అవసరాన్ని మర్యాద కింద దాచాడు, తాను తనను దాచుకుంది. పట్టుబడింది పిల్ల ఒక్కతే. అదీ తన నోరు పట్టిస్తే. భరత్ ఆమె మోకాలు పట్టుకుని లేచి నిలబడటానికి చూస్తున్నాడు, ఒంట్లో వేడి లేదు, దగ్గు లేదు, కడుపునిండా తీపి తిని హాయిగా ఉన్నాడు. దేవుడు వీడినేం చేయడులే అనిపించింది మొదటిసారి. అనిపించగానే ఇంకో భయం. దేవుడు చేయకపోతే, ఈ చేసినదానికి ఇంకెవరు అడుగుతారు? ఎవరూ అడగరా? ఇట్లాగే అయిపోతుందా?

"నేను తమలపాకులకు పోయొస్తా," అంది తిమ్మక్క చెప్పులు వేసుకుంటూ. "ఆ డబ్బాకు పెట్టి, చీర మార్చుకో. మంచి చీర కట్టుకో. ఆడ నీ చెయ్యే కదా అందురూ చూసేది."

గేటు చప్పుడైంది. ఇంట్లో ఎవరూ లేరు. గోడ మీద కేలండరు, మే నెల కాగితం తిప్పితే వెనక వైపు, సాహితి గుండ్రటి రాత. నాగమణి మేడం అని, పక్కనే పది అంకెలు. ఎనిమిదో తరగతి పాత పుస్తకాలు ఎవరైనా ఇస్తారేమో కనుక్కోవడానికి ఈశ్వరి ఫోన్లోంచే ఆ సెలవుల్లో ఆమెకు ఫోన్ చేసింది పిల్ల, ఎంత బెదురు లేకుండా మాట్లాడిందో. ఈశ్వరి చేతికి ఇంకా నువ్వుల జిడ్డు. అంకెల మీద వేలు జారుతోంది. ఒక్కొక్కటీ కేలండరు చూసి, ఫోన్ చూసి, మళ్ళీ కేలండరు చూసి నొక్కింది. చెప్పవలసింది మూడే మాటలు. సాహితికి కామెర్లు లేవు. ఇంట్లోనే ఉంది. మగ్గం కాడ. మూడు మాటలు లోపల మూడుసార్లు అనుకుంది. రింగు పోతోంది. ఎత్తకపోతే బాగుండు అనుకుంది. ఎత్తారు.

"హలో?" వెనక పిల్లల గోల, ఎవరో మైకులో వరసలు సర్దుతున్నారు. "హలో, ఎవరండీ? నేను నాగమణి. ఏ పిల్ల తాలూకు అమ్మా మీరు?"

గొంతు మంచిదే. కోపం లేదు, తొందర ఉన్నా ఆగింది. ఏ పిల్ల తాలూకు. ఆ మాటకు జవాబు ఒక పేరు. మూడక్షరాల పేరు. ఈశ్వరి నోరు తెరిచింది. ఇదే నోరు ఆ సాయంత్రం ఎవరూ అడగకుండానే తెరుచుకుంది, మాట నూనె రాసినట్టు జారింది. ఇప్పుడు ఒకరు అడుగుతున్నారు, ఆగి ఉన్నారు, మాట లేదు. కళావతికి తెలిస్తే, జయచంద్రకు తెలిస్తే, నువ్వెవరు మా ఇంటి సంగతి బయట పెట్టడానికి అంటే, నీకెట్లా తెలుసంటే, మొదటి దినం నుంచి తెలుసని తేలిపోతే, పుట్టింటికి పంపితే, బిడ్డను ఉంచేసుకుంటే.

"వినబడుతోందా అమ్మా? చెప్పండి."

"రాంగ్ నంబర్ మేడం," అంది ఈశ్వరి.

ఫోన్ పెట్టేశాక తెర మీద నువ్వుల జిడ్డు, తన వేళ్ళ ముద్రలు. మేడం మళ్ళీ చేస్తుందేమోనని చూసింది. చేయలేదు. ఎందుకు చేస్తుంది. డబ్బాకు ముద్ద పెట్టింది. చీర మార్చుకుంది, మంచిదే కట్టుకుంది. తిమ్మక్క తమలపాకులతో వచ్చి డబ్బా మూత తీసి వాసన చూసి, పెళ్ళయినప్పటి నుంచి ఎన్నడూ అనని మాట అంది. "బాగా కుదిరింది. వాసనే చెప్తాంది." ఆ మెప్పు కూడా గొంతులో దిగింది, దిగుతూ గీరుకుంది. భరత్‌ను చంకన వేసుకుని ఈశ్వరి గడప దాటింది. బస్సు వస్తుంది, ఎక్కుతుంది, మధ్యాహ్నం ఆ చెయ్యి ఆ నోటి దగ్గరికి పోతుంది.

ఆమెకు చేతకాలేదు కాబట్టి ఈ మాట మీకు. మీలో ఎవరైనా ధర్మవరం వాళ్ళుంటే, ఆ దిక్కు పోయే పని ఉంటే, ఆడపిల్లల బడిలో ఎనిమిదో తరగతికి సాహితి వస్తోందా అని ఒకసారి అడగండి. కామెర్లని చెప్తారు. నమ్మవద్దు. రఘునాథ్ ఇల్లు మగ్గాల వీధిలో, అడిగితే ఎవరైనా చూపిస్తారు. లోపల మగ్గం ఆడుతుంటే పిల్ల దాని పక్కనే ఉంటుంది. చప్పుడు ఆగేదాకా వాకిట్లోనే నిలబడండి. పెద్దవాళ్ళను కాదు, పిల్లనే పిలిపించండి, అన్నం తింటున్నావా అని, బడికి వస్తావా అని పిల్లనే అడగండి. ఆ ఇంటి సంగతి మీకెవరు చెప్పారని అడుగుతారు. ఈశ్వరి అని చెప్పండి, పెనుకొండలో ఉండే అత్త ఈశ్వరి. మొదటి దినం నుంచీ ఆమెకు తెలుసని కూడా చెప్పండి, సాహితికి వినబడేలా.